మొండికేసిన పాత తాళంకప్ప: అపోహలు – వాస్తవాలు

కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో ధాన్యం గదికి ఒక ఇత్తడి కప్ప ఉండేది. అరచేతి నిండా వచ్చే కప్ప, వేలెడంత తాళంచెవి. సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా ఒకటే తంతు. పొద్దున్నే తెరవబోతే చెవి సగం తిరిగి ఆగిపోయేది. మధ్యాహ్నం ఎండెక్కాక అదే చెవి ఇట్టే తిరిగేది. "దానికి కాస్త ఎండ తగలాలిరా" అనేది అమ్మమ్మ. పాత కప్పలు విప్పి శుభ్రం చేయడం, చెవి పోయినవాటిని పిక్‌తో, అంటే చెవి బదులు లోపలికి దూర్చే సన్నటి కడ్డీతో తెరవడం నాకు వ్యాపకమయ్యాక గానీ ఆమె మాటలో నిజమెంతో తెలియలేదు. ఏటా ఆ కప్పలో కొబ్బరినూనె పోసేవారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. పుష్యమాసపు తెల్లవారుజామున కప్ప లోపల ఉన్నది నూనె కాదు, గడ్డ.

అపోహ: బిగుసుకున్న కప్పలో నాలుగు చుక్కల నూనె పోస్తే సరిపోతుంది.

నాకు తెలిసి పాత కప్పలు ఎక్కువగా పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. మన ఇళ్ళలో ఉండే పాత కప్పల్లో చాలావరకు లీవర్ రకం. లోపల లీవర్లనే పలుచని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో రేకుకు ఒక గాడి, వెనక ఒక చిన్న స్ప్రింగు. చెవికి ఉన్న మెట్లు ఒక్కో రేకును సరిగ్గా దానికి కావలసినంత ఎత్తు లేపాలి. గాడులన్నీ ఒకే వరుసలోకి వస్తేనే గడియకున్న మేకు వాటిలోంచి జారుతుంది. తక్కువ లేపినా ఆగుతుంది, ఎక్కువ లేపినా ఆగుతుంది. ఈ ఏర్పాటుకు 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బ్యారన్ పేటెంటు తీసుకున్నాడు. నేటికీ పని తీరు అదే.

ఇప్పుడు ఆ రేకుల మధ్యకు వంటనూనె వెళ్ళిందనుకోండి. మొదటి నెల హాయిగా ఉంటుంది. తర్వాత దుమ్ము పడుతుంది, నూనె చిక్కబడుతుంది, మళ్ళీ నూనె పోస్తారు. నేను రివెట్లు తీసి విప్పిన ఒక కప్పలో ఐదు రేకులూ కలిసి ఒకే దిమ్మలా అంటుకుపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో గీకితే బెల్లంపాకం రంగులో జిగురు వచ్చింది. స్ప్రింగులు బాగానే ఉన్నాయి. కానీ లేపిన రేకును అవి వెనక్కి నెట్టలేకపోతున్నాయి. ఆ కప్పకు ఇంకో చుక్క నూనె పోసి ఏం లాభం?

ముందు కడగాలి, తర్వాతే నూనె. చెవి రంధ్రం పైకి ఉండేలా పట్టుకుని కిరసనాయిలు గానీ, డబ్ల్యూడీ-40 అనే స్ప్రే గానీ వేసి పావుగంట ఆగండి. ఈ పని పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయండి. తర్వాత కప్పను తిప్పి రంధ్రం కిందికి పెట్టి, చెవి పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. తిరగకపోతే వదిలేయండి, బలవంతం వద్దు. చెవిని తీసి గుడ్డతో తుడవండి. గుడ్డకు నల్లగా అంటుతుంది. ఆ నలుపు పోయేదాకా ఇలాగే చేయాలి. నాకు ఒక్కోసారి మూడు రోజులు పట్టింది. చివరికి ఒక రాత్రంతా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే ఇంకేమీ అక్కర్లేదు.

దాని పేరులోనే దాని పని ఉంది: నీటిని తొలగించడం, 40వ ప్రయత్నం. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారైంది. తుప్పు వదిలించడానికి, జిగురు కరిగించడానికి బాగా పనికొస్తుంది. అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరై పోతుంది, మిగిలేది పలుచటి పొర. అందుకే అది మొదటి మెట్టు మాత్రమే. అది వేస్తే కప్ప పాడవుతుందనే మాట కూడా వింటుంటాను. అదీ నిజం కాదు.

అపోహ: పెన్సిల్ ముల్లు పొడి అన్ని కప్పలకూ మంచిది.

పెన్సిల్ ముల్లులో గ్రాఫైటుతో పాటు బంకమన్ను కూడా ఉంటుంది. కావాలంటే విడిగా దొరికే గ్రాఫైటు పొడి వాడండి. రేకుల బదులు సన్నటి పిన్నులుండే కప్పలకు అది నిజంగా మంచిదే, కాస్త చాలు. కానీ అప్పటికే నూనె పోసిన కప్పలో వేస్తే రెండూ కలిసి కాటుకలాంటి ముద్ద అవుతుంది. నూనెయినా, పొడయినా ఏదో ఒకటే.

అపోహ: చింతపండులో నానబెడితే ఇత్తడి కప్ప కొత్తదవుతుంది.

పైన మెరుస్తుంది, చిలుమూ పోతుంది. లోపలి స్ప్రింగులు చాలా కప్పల్లో ఉక్కువి. పులుపు, తడి కలిసి వాటిని తినేస్తాయి. రంధ్రానికి టేపు వేసి, పైపైన మాత్రమే చింతపండుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి.

మంట మీద కాల్చడం గురించి ఒక్క ముక్క: వద్దు. స్ప్రింగుకు వెనక్కి నెట్టే బిగువు పోతుంది.

అపోహ: లీవర్లు ఎక్కువుంటే ఎవరూ తెరవలేరు.

కప్ప మీద చెక్కిన లీవర్ల అంకె కన్నా లోపలి పనితనం ముఖ్యం. గాడులు ఎంత కచ్చితంగా కోశారు, రేకుల మధ్య ఎంత సందు వదిలారు అన్నదే లెక్క. అలీగఢ్ తాళాల్లోనూ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్ తాళాల్లోనూ చేతి పనితనం గొప్పగా ఉన్నవి చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ఎంత గొప్పదైనా ఓపికకు లొంగుతుందని 1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ చూపించాడు. బ్రామా అనే తాళాల కంపెనీ తన దుకాణం అద్దాల్లో దశాబ్దాలుగా సవాలుగా పెట్టిన తాళాన్ని 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచాడు. పందెం 200 గినీలు ఇచ్చారు.

అపోహ: పిక్ చేయడమంటే తలపిన్ను దూర్చి గట్టిగా తిప్పడమే.

సినిమాల్లో అలాగే చూపిస్తారు. నిజానికి ఇది వేలి కొస పని. గడియ మీద చాలా తేలికగా, పండు మెత్తబడిందో లేదో చూసేంత ఒత్తిడి పెట్టాలి. తయారీలో వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల రేకులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దాన్ని వెతికి లేపితే చిటుక్కుమని చిన్న కదలిక తెలుస్తుంది. అప్పుడు తర్వాతి రేకు. గట్టిగా నొక్కితే అన్నీ కలిసి బిగుసుకుని ఆ తేడాయే తెలియదు. జిగురు పట్టిన కప్పలోనూ ఇంతే, ఏ రేకు బిగుసుకుందో ఏది అంటుకుందో వేలికి అందదు. అందుకే చెవి పోయిన కప్పనైనా ముందు కడిగాకే పిక్ పట్టుకుంటాను.

అపోహ: ఇది దొంగల విద్య.

ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ళం పాటించే నియమాలు రెండే. కప్ప మనదై ఉండాలి. వాడుకలో ఉన్న కప్పను ముట్టకూడదు. రెండోది మన మంచికే. ముసలి స్ప్రింగు సాధనలో విరిగితే తలుపు బయట నిలబడిపోయేది మనమే.

అపోహ: తలకిందులుగా పట్టుకుంటే తెరుచుకుంటోంది, కాబట్టి కప్ప బాగానే ఉంది.

ఒక వైపు పట్టుకుంటే తెరుచుకుని ఇంకో వైపు మొరాయిస్తే లోపల ఒక స్ప్రింగు విరిగినట్టే. ఆ రేకు తన బరువుతో కిందికి జారినప్పుడే పని నడుస్తోంది. అమ్మమ్మగారి కప్పను కిందటేడు నా బల్ల మీదికి తెచ్చుకుని కడిగితే జిగురంతా పోయింది గానీ ఈ లక్షణం బయటపడింది. జిగురే ఇన్నాళ్ళూ విరిగిన స్ప్రింగును దాచింది. దీనికి నూనె మందు కాదు, విప్పి కొత్త స్ప్రింగు వేయాల్సిందే. అప్పటిదాకా అలాంటి కప్పను ఏ తలుపుకూ వేయకండి.