3200 స్పీడు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్: అపోహలు, వాస్తవాలు

నా డార్క్‌రూమ్‌కు కడగడానికి వచ్చే రీళ్లలో హై స్పీడ్, అంటే తక్కువ వెలుతురులోనూ తీయగలిగే, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఈమధ్య బాగా కనిపిస్తోంది. తెచ్చేవాళ్లలో చాలామంది డిజిటల్ కెమెరాతో ఫొటోగ్రఫీ మొదలుపెట్టిన కుర్రవాళ్లే. ఈ ఫిల్మ్ మీద ఇష్టం పెరగడం నాకు నిజంగా సంతోషం. కానీ దాన్ని కొనే తీరులోనూ, దాచే తీరులోనూ కొన్ని అపోహలున్నాయి. వాటివల్ల రీలూ పాడవుతోంది, డబ్బూ పోతోంది.

అపోహ: డబ్బా మీద 3200 అని ఉంటే ఫిల్మ్ అసలు స్పీడు అదే.

కాదు. ఇల్‌ఫోర్డ్ డెల్టా 3200 సాంకేతిక పత్రం తెరిచి చూడండి, ఐఎస్ఓ (ఫిల్మ్ స్పీడు కొలత) 1000 అని కంపెనీయే రాసింది. కొడాక్ టీ-మ్యాక్స్ పీ3200 కూడా వాడే డెవలపర్‌ను (ఫిల్మ్ కడిగే రసాయనాన్ని) బట్టి 800, 1000 దగ్గరే ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. నీడ భాగాల్లో వివరం ఎక్కడ మొదలవుతుందో చూసి ఐఎస్ఓ లెక్క కడతారు. ఈ రెండు ఫిల్ముల ఎమల్షన్‌ను (వెలుతురుకు స్పందించే పూతను) సహజంగానే కాంట్రాస్ట్ తక్కువగా ఉండేలా తయారుచేశారు కాబట్టి ఎక్కువసేపు డెవలప్ చేసినా వెలుగు భాగాల్లో వివరం మూసుకుపోదు. అంటే 3200 దగ్గర తీయడానికి వీలుగా రూపొందినవే, కాకపోతే అక్కడ నీడలు కొంత వదులుకోవాలి. నీడల్లో వివరం కావాలంటే లైట్ మీటర్‌ను 1600 దగ్గర పెట్టండి. పెళ్లింటి లోపల నేను 1600కే తీస్తాను. స్టేజీ అయితేనే 3200.

అపోహ: 400 ఫిల్మ్‌నే పుష్ చేస్తే చాలు, ఇంకోటి ఎందుకు?

పుష్ చేయడం అంటే ఫిల్మ్‌ను దాని స్పీడుకు మించి తీసి, ఎక్కువసేపు డెవలప్ చేయడం. ఇందులో సగం నిజం ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. ఇల్‌ఫోర్డ్ 400 ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్‌ను మైక్రోఫెన్ అనే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర కడిగితే 400కు ఆరున్నర నిమిషాలు, 800కు 8, 1600కు 11, 3200కు 16 నిమిషాలు పడుతుంది. ఈ అంకెలు ఇల్‌ఫోర్డ్ ఇచ్చినవే. అయితే ఆ అదనపు నిమిషాల్లో ముదిరేది వెలుగు భాగాలే. వెలుతురు సరిపడా అందని నీడను ఎంతసేపు డెవలపర్‌లో ఉంచినా పైకి రాదు.

సురభి నాటకం తీసిన రెండు నెగటివ్‌లు లైట్‌బాక్స్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 3200కు పుష్ చేసిన హెచ్‌పీ5లో నటి ముఖం చక్కగా ఉంటుంది, జడ మాత్రం వెనకున్న నల్ల తెరలో కలిసిపోతుంది. ఆ చోట నెగటివ్ ఖాళీ గాజులా ఉంటుంది. డెల్టా 3200లో అదే చోట సన్నటి పొరలాగా వివరం మిగులుతుంది, ప్రింట్‌లో జడ అంచు విడిగా తెలుస్తుంది. 400 దగ్గర సెకనులో 30వ వంతు షట్టర్ వచ్చే స్టేజీ మీద, అదే ఎపర్చర్‌తో 3200 దగ్గర 250వ వంతు దొరుకుతుంది. అభినయంలో చెయ్యి కదిలేటప్పుడు ఆ మూడు స్టాపులే (ఒక్కో స్టాపు అంటే వెలుతురులో రెట్టింపు తేడా) బొమ్మను కాపాడతాయి.

పగటిపూట వీధుల్లో తీసేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. 400 ఫిల్మ్ ధారాళంగా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. రాత్రి టీ కొట్టు దగ్గర ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా 1600కు పుష్ చేసిన 400 బాగానే పనిచేస్తుంది.

ఇంకో మాట. మే నెలలో హైదరాబాద్ కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి. ఆ నీళ్లతో కలిపిన డెవలపర్‌లో చార్టు చెప్పిన నిమిషాలు పాటిస్తే నెగటివ్ నల్లగా ముదిరిపోతుంది. ఐసును ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి బకెట్‌లో వేసి, అందులో డెవలపర్ సీసా నిలబెట్టండి. థర్మామీటర్ 20 చూపించాకే ట్యాంకులో పోయండి.

అపోహ: గ్రెయిన్ కనిపిస్తే ఫిల్మ్ నాసిరకం.

గ్రెయిన్ అంటే ఫొటోలో కనిపించే రవ్వ. అదీ స్పీడూ ఒకే మూలం నుంచి వస్తాయి. వానలో చిన్న గిన్నె కంటే వెడల్పాటి పళ్లెంలో ఎక్కువ చినుకులు పడ్డట్టు, పెద్ద వెండి లవణపు స్ఫటికం మీద ఎక్కువ ఫోటాన్లు పడతాయి. అందుకే తక్కువ వెలుతురులోనే అది డెవలప్ కావడానికి సిద్ధమవుతుంది. గ్రెయిన్ తగ్గాలంటే నెగటివ్ సైజు పెంచాలి. డెల్టా 3200 ఫిల్మ్ 35 ఎంఎం కంటే పెద్దదైన 120 సైజులోనూ దొరుకుతుంది. ఆ నెగటివ్‌ను తక్కువ పెంచితే చాలు కాబట్టి ప్రింట్ ఎంతో నునుపుగా వస్తుంది. పీ3200 మాత్రం 35 ఎంఎంలోనే వస్తుంది.

అపోహ: డిజిటల్ వచ్చాక దీనికి గిరాకీ చచ్చిపోయింది, ఆగిన ఫిల్మ్ మళ్లీ రాదు.

1954లో 35 ఎంఎంలో వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్మ్ నుంచి కొన్ని దశాబ్దాలపాటు వేగమైన ఫిల్ముకు పెద్ద కొనుగోలుదారులు పత్రికల వాళ్లే. పత్రికలు డిజిటల్‌కు మారగానే ఆ గిరాకీ కూలింది. ఫూజీ నియోపాన్ 1600 అలాగే పోయింది, తిరిగి రాలేదు. 1988లో వచ్చిన పీ3200ను కొడాక్ 2012లో ఆపేసింది. కానీ 2018లో కొడాక్ అలారిస్ దాన్ని మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. 1998లో మొదలైన డెల్టా 3200ను ఇంగ్లండ్‌లోని మోబర్లీలో ఇల్‌ఫోర్డ్ ఫిల్ములు చేసే హార్మన్ కంపెనీ ఇప్పటికీ తయారుచేస్తోంది. కాబట్టి గిరాకీ చావలేదు, చిన్నదైంది. పత్రికాఫీసుల స్థానంలో ఇప్పుడు సంగీత కచేరీలు, నాటకాలు, రాత్రి వీధులు తీసే విడి మనుషులున్నారు.

మన దేశానికీ ఒకప్పుడు ‘ఇందు’ అనే సొంత ఫిల్మ్ ఉండేది. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు రీళ్లు మన ఊళ్ల స్టూడియోల్లోనూ నడిచాయి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇవాళ మనకు కావాల్సిన ఫాస్ట్ ఫిల్మ్ విదేశం నుంచే రావాలి, అందుకే ధర ఎక్కువ.

అపోహ: మళ్లీ దొరుకుతుందో లేదో, ఇప్పుడే పెట్టెడు కొని ఫ్రిజ్‌లో పడేస్తే పదేళ్లు ఢోకా లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఆలోచనే. ఫ్రిజ్ వేడిని ఆపుతుంది. అంతరిక్షం నుంచి, నేల నుంచి ఎప్పుడూ వచ్చే సహజ రేడియేషన్‌ను ఆపలేదు. తక్కువ వెలుతురుకే స్పందించే స్ఫటికం ఆ రేడియేషన్‌కూ అంతే త్వరగా స్పందిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నెగటివ్ అంతటా బూడిదరంగు మసక పేరుకుంటుంది, దాని కింద నీడ వివరాలు మునిగిపోతాయి. మనం ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది ఆ నీడల కోసమే. గడువు దాటిన 100 స్పీడు ఫిల్మ్ చాలాసార్లు బతికి బయటపడుతుంది, 3200 అలా కాదు.

తయారీదారుడికీ ఇదే చిక్కు. ఫిల్మ్‌ను డజన్ల లెక్కన చేయరు, మీటరుకు పైగా వెడల్పున్న పెద్ద చుట్టలుగా ఒకేసారి పూత పూస్తారు. ఫాస్ట్ ఫిల్మ్ చుట్టను ఏళ్ల తరబడి గోదాములో ఉంచలేరు. ఒక ఏడాది అందరూ ఎగబడి కొని తర్వాత రెండేళ్లు ఎవరూ అడగకపోతే లెక్క కుదరదు. ప్రతి రెండు మూడు నెలలకు రెండేసి రీళ్లు కొని, తీసి, వెంటనే కడిగించండి. తీసిన రీలును సంచిలో నెలల తరబడి ఉంచకండి, తీసిన తర్వాత కూడా మసక పెరుగుతూనే ఉంటుంది.

అపోహ: ఎయిర్‌పోర్టులో చేతిసంచిలో పెడితే ఫిల్మ్‌కు ఏమీ కాదు.

పాత ఎక్స్‌రే యంత్రాల్లోనే 800, ఆపై స్పీడు ఫిల్మ్‌ను పెట్టొద్దనేవారు. ఇప్పుడొస్తున్న సీటీ స్కానర్లు ఏ స్పీడు ఫిల్మ్‌నైనా దెబ్బతీయగలవు. చెక్-ఇన్ సామాను స్కానర్లు ఇంకా బలమైనవి, అందులో అసలే వేయొద్దు. రీళ్లను పై డబ్బాల్లోంచి తీసి, లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని భద్రతా సిబ్బందిని అడగండి. కాస్త ముందుగా వెళ్లి, 3200 అని రాసున్న వైపు చూపించి మర్యాదగా అడిగితే ఒప్పుకొనే అవకాశం ఎక్కువ. కెమెరాలో సగం తీసిన రీలు ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది. వీలైతే ప్రయాణానికి ముందే దాన్ని పూర్తిచేసి బయటికి తీయండి.