మట్టిలో ఆడే పిల్లలు: మా బడి గేటు దగ్గర రోజూ వినే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆరుబయట ఆడిస్తూ నేర్పడం నా వృత్తి. పిల్లలను చేర్పించడానికి వచ్చినవారు గేటు పక్కనున్న ఇసుక గుంటను చూసి, "టీచరుగారూ, రోజూ ఇందులో ఆడతారా? మరి చదువెప్పుడు?" అని అడుగుతారు. ఆ బెంగ నాకు అర్థమవుతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఆడినంతసేపూ చదువు పోయినట్లే.

మొన్న నాలుగేళ్ల బాబు ఒకడు కొబ్బరి చిప్పతో నీళ్లు తెచ్చి ఇసుకలో తవ్విన గుంటలో పోశాడు. ఇంకిపోయాయి. మళ్లీ తెచ్చాడు, మళ్లీ ఇంకిపోయాయి. ఆరోసారి ఆగి, చుట్టూ చూసి, రాలిన బాదం ఆకు ఒకటి తెచ్చి గుంట అడుగున పరిచాడు. నీళ్లు కాసేపు నిలిచాయి. ఇంకో ఆకు కోసం పరుగెత్తాడు. నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆ ఆలోచన వాడిది కాకుండా పోయేది. కారణం వెతకడం, మళ్లీ ప్రయత్నించడం, లెక్క పెట్టుకోవడం అన్నీ అక్కడే జరిగాయి. తడిమట్టి పిసికి ఉండలు చేసే వేళ్లకు బలం వస్తుంది. రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్లే.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు కేంద్రంగా పెట్టింది. అసలు ఎల్‌కేజీలోని 'కేజీ' కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. 19వ శతాబ్దంలో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త పెట్టిన పేరది. ఆ పేరుతో నడిచే గదుల్లో ఒక్క మొక్క కూడా కనిపించకపోతే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: మట్టి ముడితే రోగాలే.

ఈ భయంలో కొంత నిజముంది. మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. అందుకే ఆట అయ్యాక, తినేముందు సబ్బుతో చేతులు కడిగిస్తాం. గోళ్లు పెరగనివ్వం, చెప్పులు లేకుండా బయట తిరగనివ్వం. పిల్లులు మలవిసర్జన చేయకుండా ఇసుక గుంటను సాయంత్రమే కప్పేస్తాం. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జరిగే నులిపురుగుల నివారణ దినాల్లో అంగన్‌వాడీల్లో నులిపురుగులను పోగొట్టే ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు, తప్పక వేయించండి. ఏడాదిన్నర వయసులో, అయిదేళ్లకు వేసే డీపీటీ టీకా బూస్టర్లు ధనుర్వాతం నుంచి కాపాడతాయి. ఇవన్నీ పాటిస్తే మట్టికి దూరంగా ఉంచాల్సిన అవసరం లేదు.

అపోహ: చినుకు పడితే జలుబు.

జలుబు తెచ్చేది వైరస్, వాన కాదు. తలుపులు మూసిన గదిలో పాతికమంది కూర్చుంటే అది ఇంకా తేలికగా అంటుకుంటుంది. తొలకరికి బయటికి వచ్చే ఆరుద్ర పురుగును చూపించే భాగ్యం ఏడాదికి కొద్ది రోజులే దొరుకుతుంది, దాన్ని వదులుకోలేను. ఉరుములు వినబడితే మాత్రం అందరూ లోపలికే.

అపోహ: ప్రకృతి అంటే అంతా మంచే.

ఇది మాలాంటి బడులను మెచ్చుకునేవారి అపోహ, నన్ను ఎక్కువ భయపెట్టేది కూడా ఇదే. గన్నేరు, ఉమ్మెత్త విషం. ఎర్రగా మెరిసే గురివింద గింజ పిల్లల చేతికి అందనే కూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. ఒక్క బకెట్టు నీళ్లు చాలు, ప్రాణం పోవడానికి. ఆవరణంతా నేను పొద్దున్నే ఒకసారి చూసి వచ్చాకే పిల్లలను వదులుతాం.

అపోహ: ఎండ వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

మార్చి వచ్చిందంటే మేమూ పదిలోపే ఆట ముగిస్తాం, నీడలోనే ఉంచుతాం. కానీ పగటి వెలుతురు కళ్లకు మేలు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడు అదనంగా పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే, 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, మిగతా బడుల పిల్లల కంటే వీరిలో హ్రస్వదృష్టి, అంటే దూరంలోనివి మసకగా కనిపించే లోపం, తక్కువమందికి వచ్చింది.

అపోహ: అపార్టుమెంటులో ఇవన్నీ కుదరవు.

పాత టబ్బుకు అడుగున రంధ్రాలు చేసి, మట్టి నింపి బాల్కనీలో పెట్టండి. వంటింట్లోని మెంతులు గుప్పెడు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు వస్తాయి. అప్పటిదాకా నీళ్లు చిలకరించే పని, పొద్దున్నే లేచి మొలిచాయో లేదో చూసే పని పిల్లలకే వదిలేయండి.