గ్లోవ్ వేడిని పుట్టించదు

గ్లోవ్ వేడిని పుట్టించదు. ఉన్న వేడి బయటికి జారిపోకుండా కాస్త ఆపుతుంది, అంతే. ఆ వేడిని వేళ్లకు మోసుకొచ్చేది రక్తం. అది రావడం ఆగిపోయాక వేళ్లకు ఎంత దళసరి గ్లోవ్ తొడిగినా చల్లగానే ఉండిపోతాయి. చలికి వేళ్లలో రక్తం దాదాపు ఆగిపోయే రేనాడ్స్ అనే సమస్య ఉన్న సైకిలిస్టులు ఒకదాన్ని మించి ఒకటి మందమైన గ్లోవ్స్ కొంటూపోయినా, బయల్దేరిన పావుగంటకే వేళ్లు పాలిపోవడానికి కారణం ఇదే. అసలు పని రక్తం ఆగకుండా చూసుకోవడం. ఆగాక తిరిగి తెప్పించడం కష్టం, సైకిల్ మీద ఉండగా అయితే మరీ కష్టం.

వేలి కొసల్లో చర్మం కింద ధమనుల్ని సిరలతో నేరుగా కలిపే అడ్డదారులు ఉంటాయి. ఒంట్లో వేడి ఎక్కువైనప్పుడు అవి తెరుచుకుంటాయి, తగ్గినప్పుడు మూసుకుంటాయి. గుండె, మెదడు వెచ్చగా ఉండటానికి శరీరం ముందుగా కోత పెట్టేది వేళ్ల వాటాకే. ఇంతవరకూ అందరిలోనూ జరిగేదే. రేనాడ్స్‌లో ఈ కోత శ్రుతి మించుతుంది. వేళ్లలోని చిన్న ధమనులు ఒక్కసారిగా బిగుసుకుని రక్తాన్ని దాదాపు ఆపేస్తాయి. వేలు తెల్లబడుతుంది, లోపలి ఆక్సిజన్ అయిపోయే కొద్దీ నీలమవుతుంది, రక్తం తిరిగొచ్చాక ఎర్రబడి మంటపెడుతుంది. మూడు రంగులూ అందరికీ కనబడవు. ముదురు రంగు చర్మం మీద తెలుపు బూడిదరంగులా ఉండొచ్చు, గోరు కింద చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. సున్నా డిగ్రీలే అక్కర్లేదు, 10-15 డిగ్రీల చల్లగాలి కూడా కొందరికి చాలు.

ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనాడ్ 1862లో దీన్ని వర్ణించినప్పుడు తప్పంతా నరాల అతి ఉద్రేకానిదే అనుకున్నాడు. 1929లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ కాదు, లోపం వేలి ధమనిలోనే ఉందన్నాడు. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చలి తగిలినప్పుడు ధమని గోడలోని కండర కణాల పైకి నరాల సంకేతాల్ని అందుకునే ఆల్ఫా-2సి అనే గ్రాహకాలు వచ్చి చేరతాయి. దాంతో నరం ఎప్పటిలా పంపిన సంకేతానికే ధమని ఎన్నో రెట్లు గట్టిగా బిగుస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లకు దీని అర్థం ఏమిటంటే, వేలికి చలి తగలడం ఒక దారి, ఒళ్లు చల్లబడటం లేదా మనసు ఆందోళన పడటం ఇంకో దారి. గ్లోవ్ మొదటి దారినే కాస్తుంది.

రెండో దారి సంగతి చాలామంది పట్టించుకోరు. ఛాతీ, వీపులను బాగా వేడి చేస్తే సున్నాకు దిగువ చలిలో గ్లోవ్స్ లేని వేళ్లు కూడా వెచ్చగా ఉన్నట్టు ప్రయోగాల్లో తేలింది. పైగా సైకిల్ తొక్కేవాడి ఒంట్లో వేడికి కరువు లేదు. పెడల్ మీద 150 వాట్ల శక్తి పెడుతున్న మనిషి ఒంట్లో దాదాపు 450 వాట్లు వేడిగా మారుతుంది, ఎందుకంటే కండరం తాను ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మారుస్తుంది. కాకపోతే ఆ వేడి పుట్టడానికి సమయం పడుతుంది. అందుకే మొదటి 10-15 నిమిషాలే గండం. ఇంట్లోనే పది నిమిషాలు ఒళ్లు వెచ్చబడేదాకా కదలండి. మెట్లెక్కి దిగినా సరే, కానీ చెమట పట్టకముందే ఆపాలి. చేతులు వెచ్చగా ఉండగానే లోపలే గ్లోవ్స్ తొడుక్కుని బయటికి రండి. గాలి దూరని వెస్టు, మెడకు తొడుగు, మోచేతి నుంచి మణికట్టు దాకా అదనంగా ఒక పొర ఉండాలి. మణికట్టు దగ్గర ధమని చర్మానికి బాగా పైనే ఉంటుంది. జాకెట్ చేతికీ గ్లోవ్‌కీ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే వేళ్లకు వెళ్లే రక్తం అక్కడే చల్లబడుతుంది. గ్లోవ్ అంచు పొడుగ్గా ఉండి జాకెట్ చేతి మీదికో కిందికో పూర్తిగా వెళ్లాలి.

నడిచేవాడి చేతులు జేబులో ఉంటాయి, సైకిలిస్టు చేతులు గాలికి ఎదురుగా, కదలకుండా, లోహాన్ని పట్టుకుని ఉంటాయి. 5 డిగ్రీల ఉష్ణోగ్రతలో గంటకు 25 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి సున్నా దగ్గర ఉన్నంత చలి. దిగుడులో వేగం 50కి చేరితే సున్నా కిందికే పోతుంది, పైగా అప్పుడు కాళ్లు పని చేయవు కాబట్టి వేడి పుట్టడం కూడా ఆగుతుంది. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు. పొడుగాటి దిగుడుకు ముందు ఆగి చేతులు సరిచూసుకోవడం భయస్తుల పని కాదు.

రేనాడ్స్ ఉన్నవాళ్లు ఒక్క వస్తువే కొనగలిగితే అది గ్లోవ్ కాదు, బార్ మిట్స్ అనాలి. పోగీలనీ అంటారు. హ్యాండిల్‌కే బిగించే పెద్ద సంచుల్లాంటివి. చెయ్యి, గ్రిప్, బ్రేక్ లివర్ అన్నీ వాటిలోపలే ఉంటాయి. గాలి పూర్తిగా ఆగుతుంది, లోపల పల్చటి గ్లోవ్ చాలు కాబట్టి వేళ్లకు పట్టు తెలుస్తుంది. తిన్నటి హ్యాండిల్‌కీ వంపు హ్యాండిల్‌కీ వేర్వేరు రకాలుంటాయి, ఒకటి ఇంకోదానికి కుదరదు. నోరు తెరుచుకునే ఉండేంత బిరుసుగా ఉండాలి. మెత్తటివైతే చెయ్యి తీసిన ప్రతిసారీ ముడుచుకుపోతాయి, సిగ్నల్ ఇచ్చాక చెయ్యి మళ్లీ పెట్టడానికి తడుముకోవాలి. కొన్నాక ఖాళీ వీధిలో చెయ్యి తీయడం, పెట్టడం అలవాటయ్యేదాకా చేసిగాని ట్రాఫిక్‌లోకి వెళ్లొద్దు. గంట, లైటు కప్పబడిపోతే జరిపి బిగించుకోవాలి.

గ్లోవ్సే వాడేటట్టయితే బిగుతు పనికిరాదు. పిడికిలి బిగించినప్పుడు కూడా వేలి కొస ముందు అర సెంటీమీటరు ఖాళీ మిగలాలి. బిగుతు గ్లోవ్ లోపలి దూదిని నొక్కేస్తుంది, అందులో గాలి పోతే వెచ్చదనమూ పోతుంది. రక్తనాళాల మీద ఒత్తిడి అదనపు నష్టం. లోపలి పొరకు చోటు లేని సైజు కొని తర్వాత పొర వేసుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఐదు వేళ్లూ విడివిడిగా ఉన్నదానికంటే రెండేసి వేళ్లు కలిపి ఉంచే లాబ్‌స్టర్ గ్లోవ్ నయం, బ్రేకు కూడా బాగానే అందుతుంది. ఇక చెమట. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, కాబట్టి తడిసిన లోపలి పొర అసలు లేకపోవడం కన్నా అన్యాయం. మెరీనో ఉన్ని పొరలు రెండు జతలు ఉంచుకుని దారిలో మార్చుకోవచ్చు. చర్మం మీద ముందుగా వదులైన నైట్రైల్ గ్లోవ్ (ఆసుపత్రుల్లో వాడే పల్చటి రబ్బరు లాంటిది) వేసుకోవడం ఇంకో ఉపాయం. చెయ్యి లోపల తడుస్తుంది గానీ ఆ తడి పై పొరల్లోకి ఎక్కదు. చూడ్డానికి బాగుండదు, పని మాత్రం చేస్తుంది.

అల్యూమినియం బ్రేక్ లివర్ రెండు వేళ్లను నేరుగా చల్లబరుస్తుంది. దానికి సిలికాన్ తొడుగు వేయండి, లేదా వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం బిగించండి. హ్యాండిల్‌కు టేపు రెండు వరసలు చుట్టండి. సైకిల్ రాత్రంతా బయట ఉంటే తెల్లారేసరికి హ్యాండిల్ మంచుముద్దే. కుదిరితే లోపల పెట్టండి.

హ్యాండిల్ నుంచి చేతికి వచ్చే కంపనం విషయానికొస్తే, గాలి ఒత్తిడితో నడిచే సుత్తులతో పనిచేసే గని కార్మికుల వేళ్లు తెల్లబడటాన్ని ఇటలీలో జోవన్ని లోరిగా 1911లో నమోదు చేశాడు. అమెరికాలో సున్నపురాయి కోసేవాళ్లలో ఆలిస్ హామిల్టన్ 1918లో ఇదే చూసింది. సైకిల్ కంపనం అంతటిది కాదు, అయినా రేనాడ్స్ ఉన్న చేతికి అదెందుకు? కాస్త వెడల్పు టైర్లు, కొంచెం తక్కువ గాలి, వదులు పట్టు చాలు. ఒక తేడా గమనించాలి: చిటికెన వేలు, దాని పక్క వేలు సగం మాత్రమే తిమ్మిరెక్కి రంగు మారకపోతే అది చాలావరకు అరచేతి అడుగున నరం నొక్కుకుపోవడం. దానికి మందు హ్యాండిల్ ఎత్తు సరిచేయడం, వెచ్చదనం కాదు.

ఇనప పొడి హ్యాండ్ వార్మర్ గాలిలోని ఆక్సిజన్‌తో ఇనుము కలవడం వల్ల వేడెక్కుతుంది. గాలి చొరని గ్లోవ్‌లో వేస్తే చల్లారిపోతుంది, వెంటనే నాసిరకం అని పారేస్తారు. 15-20 నిమిషాల ముందే విప్పి వేడెక్కనిచ్చి, మణికట్టు లోపలివైపు పల్చటి గుడ్డ మీదుగా పెట్టుకోండి. మిగిలినదాన్ని గాలి దూరని కవర్లో బిగిస్తే చర్య ఆగి మళ్లీ పనికొస్తుంది. బ్యాటరీ గ్లోవ్స్ లెక్క కూడా తెలిసుండాలి: 7.4 వోల్టుల 2200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది సుమారు 16 వాట్ అవర్లు. 8 వాట్ల మీద నడిపితే రెండు గంటలు, చలిలో ఇంకా తక్కువ. ఇంటి నుంచే ఆన్ చేసి తక్కువ మీద ఉంచడం, చల్లబడ్డాక ఎక్కువ మీద పెట్టడం కన్నా మేలు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు.

అయినా వేళ్లు పాలిపోతే ఆగండి. గాలి తగలని చోట చేతులు చంకల్లో పెట్టుకోండి, లేదా భుజం నుంచి చేతుల్ని పెద్ద చక్రాల్లా వేగంగా తిప్పండి, ఆ విసురుకు రక్తం కొసలకు చేరుతుంది. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లు వాడాలి, వేడినీళ్లు కాదు, మంట దగ్గర పెట్టడం అసలే వద్దు. వెచ్చబడ్డాక సాధారణంగా 15-20 నిమిషాల్లో రంగు వస్తుంది. వేలు గట్టిగా, మైనంలా ఉండి రంగు రాకపోతే అది ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) కావచ్చు, ఆసుపత్రికి వెళ్లాలి.

రేనాడ్స్ ముప్పై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, ఒక చేతికే వస్తున్నా, వేలి కొసన పుండు పడినా, చర్మం బిగుసుకుంటున్నా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు. స్క్లీరోడెర్మా, లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులు వెనక ఉండొచ్చు. ఆ తిరుగుబాటు జాడలు వెతికే ఏఎన్‌ఏ రక్తపరీక్ష, గోటి మూలం దగ్గరి కేశనాళికలను భూతద్దంలో చూడటం వీటిని పట్టిస్తాయి. పొగతాగడం, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు ధమనుల్ని ఇంకా బిగిస్తాయి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు, కొన్ని మైగ్రేన్ మందులు కూడా అంతే, కానీ వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడగాలి. వేళ్లు పాలిపోవడం తరచుగా జరుగుతుంటే రక్తనాళాల్ని సడలించే నిఫెడిపిన్ అనే మందు రాస్తారు. అది బీపీని తగ్గించి కళ్లు తిరిగేలా చేయగలదు, కాబట్టి మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో దూరప్రయాణాలు, పొడుగాటి దిగుడులు వద్దు.