సొంత డబ్బుతో టైప్ రేటింగ్: అపోహలు - వాస్తవాలు

కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "సార్, మావోడికి సీపీఎల్ వచ్చింది. ఎయిర్‌బస్ ఎండార్స్‌మెంట్ కూడా చేపిస్తే ఉద్యోగం వచ్చేస్తాదంట. చేపిద్దామా?" ఎండార్స్‌మెంట్ అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హత, టైప్ రేటింగ్ అనేది కూడా దాన్నే. అడిగేది ఎక్కువగా తండ్రులే. వాళ్ళ గొంతులో టెన్షన్ ఉంటుంది, ఉండదా మరి! సీపీఎల్‌కే, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకే, 50 లక్షలు దాటిపోయి ఉంటుంది. తోటో, ఇల్లో అప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉంటుంది.

నేను ప్రొద్దుటూరు వాణ్ణి, ఎయిర్‌బస్ ఏ320 నడుపుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విమానం ఎవరిదో, దాన్ని నడపడం నేర్పించే ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకోవాలి. అది కుదరదంటే, ఉద్యోగం ఇస్తామని కాగితం మీద రాసిచ్చాకే పైలట్‌ను డబ్బు అడగాలి. ఉద్యోగం మాట లేకుండా ముందే సొంత డబ్బుతో రేటింగ్ చేసుకురమ్మనడం నాకు నచ్చదు. ఈ మాట ఒప్పుకోని పైలట్లు కూడా ఉన్నారు. వాళ్ళలో నా స్నేహితులూ ఉన్నారు.

అపోహ: సీపీఎల్ ఉంటే ఏ విమానమైనా నడపొచ్చు.

సీపీఎల్‌కు మన దేశంలో 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి చిన్న విమానాల మీదే అవుతుంది. ఎయిర్‌లైన్ నడిపే ఒక్కో రకం విమానానికి విడిగా శిక్షణ పొంది, పరీక్ష పాసై, లైసెన్సులో ఆ రకం పేరు రాయించుకోవాలి. దాన్నే టైప్ రేటింగ్ అనీ, మన దగ్గర ఎండార్స్‌మెంట్ అనీ అంటున్నాం. కడప, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుల్లో మనవాళ్ళకు బాగా అలవాటైన విమానం ఏటీఆర్ 72. రెక్కలకు ప్రొపెల్లర్లు, 70 పైచిలుకు సీట్లు. రోజూ ఏ320 నడిపే నేను కడప వచ్చేటప్పుడు ఆ ఏటీఆర్‌లో మామూలు ప్రయాణికుడినే. నా లైసెన్సులో అది లేదు. నా ఏ320 రేటింగ్‌తో ఏ319, ఏ321 నడపొచ్చు, అదీ తేడాల శిక్షణ తీసుకున్నాక. అంతకు మించి లేదు. అందుకే "ఏ రేటింగ్ చేయించాలి?" అన్న ప్రశ్నకు ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏదో తేలకముందు జవాబు ఉండదు.

అపోహ: సొంతంగా డబ్బు కట్టి తెచ్చుకున్న రేటింగ్ అంటే కొనుక్కున్న స్టాంపు.

ఈ మాట అన్నవాళ్ళను ఒక్కసారి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టాలనిపిస్తుంది. ముందు కొన్ని వారాలు గ్రౌండ్ క్లాసులు. హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్, ఇంధనం, ఫ్లయిట్ కంట్రోల్స్ అన్నీ చదవాలి. ఆ తర్వాత ఫుల్ ఫ్లయిట్ సిమ్యులేటర్. ఇద్దరేసి ట్రైనీలకు నాలుగు గంటల సెషన్. రెండు గంటలు ఒకరు నడిపితే రెండోవాళ్ళు మానిటర్ చేస్తారు, తర్వాత మారతారు. అది ఇరవై నాలుగు గంటలూ నడిచే మెషీన్ కాబట్టి స్లాట్ రాత్రి రెండింటికి పడినా కాదనడానికి లేదు.

ఆ టైములో ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ఒక ఇంజన్ ఆపేస్తాడు, అదీ టేకాఫ్ పరుగులో వీ1 (టేకాఫ్ ఆపుకోగలిగే ఆఖరి వేగం) దాటిన క్షణంలో. ఇక ఆగడానికి లేదు, గాల్లోకి లేవాల్సిందే. ముక్కు పక్కకు లాగుతుంది. కాలితో రడ్డర్ తొక్కి నిలబెట్టాలి. ఎక్కువ తొక్కితే అటు, తక్కువైతే ఇటు. వేగం అందగానే ముక్కు ఎత్తాలి, పైకి ఎక్కుతోందని ఖాయం చేసుకుని చక్రాలు లోపలికి తీసుకోవాలి. ముందు స్క్రీన్ మీద వార్నింగ్, దాని కింద చేయాల్సిన పనుల లిస్టు మెరుస్తుంటాయి, చెవిలో చైమ్ మోగుతుంటుంది. అయినా 400 అడుగులు దాటేదాకా ఆ లిస్టు జోలికి పోకూడదు. ముందు విమానాన్ని నడపాలి, మిగతావన్నీ తర్వాత. చెయ్యి ఆత్రపడుతుంది, దాన్ని ఆపుకోవడమే కష్టం. ఇది కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. చివర్లో పరీక్ష పెట్టే ఎగ్జామినర్, ఫీజు నాన్న కట్టాడా, కంపెనీ కట్టిందా అని అడగడు. సొంత డబ్బుతో చేసినవాళ్ళలో చాలా మంచి పైలట్లను చూశాను. నా గొడవ వాళ్ళతో కాదు, ఆ ఖర్చును వాళ్ళ నెత్తిన పెట్టిన పద్ధతితో.

అపోహ: రేటింగ్ ఉంటే ఉద్యోగం గ్యారంటీ.

అసలు సమస్యంతా ఇక్కడే ఉంది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డర్ ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 ఎయిర్‌బస్‌లు కొంటామంది. ఆ వార్తను కోచింగ్ వాళ్ళు ప్రతి బ్రోచర్‌లోనూ వేసుకున్నారు. కానీ ఆర్డర్ చేసిన విమానాలు ఏళ్ళ తరబడి కొన్ని కొన్నిగా వస్తాయి. పైలట్లు మాత్రం ఏటా వస్తూనే ఉంటారు. 2023 ఒక్క ఏడాదిలోనే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. పైగా "టైప్ రేటెడ్ ఫస్ట్ ఆఫీసర్లు (కోపైలట్లు) కావలెను" అనే ప్రకటనలు వివరంగా చదవండి. రేటింగ్‌తో పాటు ఆ విమానం మీద ఇన్ని గంటల అనుభవం అని చాలావాటిలో ఉంటుంది. కొత్తగా రేటింగ్ చేసిన కుర్రాడి దగ్గర ఉండేవి సిమ్యులేటర్ గంటలే.

ఇక కంపెనీల సంగతి. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. 2019 మార్చిలో బోయింగ్ 737 మ్యాక్స్‌లను ప్రపంచమంతా నేల మీద నిలిపేశారు. మరుసటి నెలే జెట్ ఎయిర్‌వేస్ మూతపడింది. 737 మీద వేల గంటలున్న కెప్టెన్లే రోడ్డున పడ్డప్పుడు, కొత్తగా 737 రేటింగ్ చేసుకొచ్చిన పిల్లల్ని పలకరించే దిక్కెవరు? 2020లో కోవిడ్ వచ్చి దేశీయ విమానాలు రెండు నెలలు పూర్తిగా ఆగాయి. 2023 మే 3 నుంచి గో ఫస్ట్ ఆగింది. అది నడిపింది ఏ320నే, అందరూ "సేఫ్" అని చెప్పే రేటింగే. మన కడపకు ఉడాన్ పథకం మొదలైన 2017 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఏటీఆర్ నడిపిన ట్రూజెట్ కూడా 2022 నాటికి లేదు.

ఒప్పందం లేకుండా రేటింగ్‌కు అప్పు చేయడం, నీళ్ళు పడతాయని ఎవరో చెప్తే విని మూడో బోరుకు అప్పు తేవడం లాంటిది. పడితే పడతాయి. మన జిల్లాల్లో ఆ లెక్క ఎలా తేలుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. ఏ320 రేటింగ్‌కు ఎక్కడ చేస్తామన్నదాన్ని బట్టి సుమారు 15 నుంచి 25 లక్షల దాకా అవుతుంది. 18 లక్షలే అనుకుందాం. సీపీఎల్‌కే బ్యాంకు అప్పు, తాకట్టు అయిపోయాయి కాబట్టి ఈ 18 లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే నెలకు 36,000, ఏడాదికి 4 లక్షల 32 వేలు, వడ్డీ మాత్రమే. ఉద్యోగం రెండేళ్ళు ఆలస్యమైతే రేటింగ్ ధర దాదాపు 27 లక్షలవుతుంది. ఇంత పెట్టి తెచ్చిన రేటింగ్ కూడా ఊరికే కూర్చుంటే నిలవదు. ఎయిర్‌లైన్‌లో ఉన్న పైలట్‌కు ఆరు నెలలకోసారి ప్రొఫిషియెన్సీ చెక్ ఉంటుంది, ఆ ఖర్చు కంపెనీది. ఇంట్లో కూర్చున్న పిల్లాడు ఇంటర్వ్యూకు ముందు మళ్ళీ సిమ్యులేటర్ గంటలు కొనుక్కోవాలి. అనంతపురం వైపు కుర్రాడు ఒకడు ఇలా రెండుసార్లు రిఫ్రెషర్ చేసి, చివరికి వేరే విమానం మీద ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆ కొత్త రేటింగ్‌కు మళ్ళీ డబ్బు. పాతది ఇప్పటిదాకా అతనికి పనికి రాలేదు.

అపోహ: కంపెనీ ఖర్చు పెడితే మనకు ఫ్రీగా వచ్చినట్టే.

కాదు. బాండ్ రాయించుకుంటారు. ఇన్నేళ్ళు పనిచేయాలి, మధ్యలో వెళ్తే ఇంత కట్టాలి అని. ఇందులో కంపెనీల వాదనలోనూ న్యాయం ఉంది. ఏటీఆర్ నడిపే చిన్న కంపెనీ కష్టపడి శిక్షణ ఇచ్చి తయారు చేసిన పైలట్‌ను, పెద్ద కంపెనీ జెట్ ఆశ చూపించి ఎగరేసుకుపోతే చిన్నవాడు ఏం కావాలి? అందుకే బాండ్‌కు నేను వ్యతిరేకం కాదు. బాండ్ మొత్తం ఏటేటా తగ్గుతూ పోవాలి, శిక్షణకు నిజంగా అయిన ఖర్చుకు మించకూడదు. ఇవి రెండూ ఉంటే సంతకం పెట్టొచ్చు.

"బాండ్ కోర్టులో నిలవదులే" అని చెప్పే అన్నలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒకరి పనినీ, వ్యాపారాన్నీ కట్టడి చేసే ఒప్పందం చెల్లదనే 1872 ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ చూపిస్తారు. ఉద్యోగం మానేశాక ఫలానా పని చేయకూడదని కట్టడి చేయడం వేరు, శిక్షణ ఖర్చు పెట్టించుకుని మధ్యలో వెళ్తే పరిహారం కట్టమనడం వేరు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు పనిచేయకపోతే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. అది బ్యాంకు ఉద్యోగి కేసే అయినా, చదివితే బాండ్‌ను తేలిగ్గా తీసుకునే ధైర్యం రాదు. దీనికి తోడు నోటీసు పీరియడ్ ఉంది. 2017లో డీజీసీఏ తెచ్చిన నియమం ప్రకారం కోపైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది.

అపోహ: ప్రపంచమంతా పైలట్లే కట్టుకుంటారు.

అమెరికాలో ఎయిర్‌లైన్లు ఉద్యోగంలోకి తీసుకున్నాక తామే రేటింగ్ చేయించడం మామూలు. సౌత్‌వెస్ట్ మాత్రం చాలా ఏళ్ళు 737 రేటింగ్ ముందే తెచ్చుకోమంది, తర్వాత ఆ షరతు తీసేసింది. యూరప్‌లో సొంత ఖర్చు పద్ధతి బాగా పాతుకుపోయింది. అక్కడ కొన్నిచోట్ల ఇంకా ముదిరి, ప్రయాణికులున్న విమానంలో కోపైలట్‌గా కూర్చోవడానికి పైలటే డబ్బు కట్టే దాకా వెళ్ళింది. అక్కడి పైలట్ల సంఘాల సమాఖ్య దాని మీద పోరాడుతోంది. పని చేస్తూ పనికి డబ్బు కట్టడమేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అపోహ: ఎవరు కడితే ఏంటి, భద్రతకూ దీనికీ సంబంధం లేదు.

నేరుగా సంబంధం లేదన్నది నిజమే. ఏ ప్రమాద నివేదికలోనూ "ఈ పైలట్ రేటింగ్ ఫీజు తనే కట్టుకున్నాడు కాబట్టి" అని నేను చదవలేదు. 2009లో అమెరికాలో బఫలో దగ్గర కూలిన కోల్గన్ 3407 విమానం కేసులో, స్టాల్ హెచ్చరికకు (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి వస్తోందన్న హెచ్చరిక) కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని తేల్చారు. కానీ ఆ విచారణలో కొత్త పైలట్ల తక్కువ జీతాలు, రాత్రంతా ప్రయాణం చేసి డ్యూటీకి రావడం, అలసట అన్నీ బయటికొచ్చాయి. అప్పు గురించి నా భయం కూడా అక్కడే. ఒంట్లో బాగాలేని రోజు, నిద్ర చాలని రోజు "నేను ఫిట్‌గా లేను" అని చెప్పే హక్కు పైలట్‌కు ఉంది. నెలనెలా పెద్ద కిస్తీ ఉన్నవాడు ఆ మాట చెప్పే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ప్రొబేషన్‌లో ఉంటే మరీను. పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 మెడికల్ పరీక్షలో ఏదైనా తేడా వస్తే జీతం ఆగుతుంది, కిస్తీ ఆగదు. అప్పు ఉన్నవాళ్ళు లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ తప్పక తీసుకోండి.

అపోహ: ఈ ఖర్చు చూపిస్తే పన్ను తగ్గుతుంది.

కంపెనీకి తగ్గుతుంది. శిక్షణ దానికి వ్యాపార ఖర్చు. జీతగాడైన పైలట్‌కు స్టాండర్డ్ డిడక్షన్ తప్ప, ఉద్యోగం కోసం పెట్టిన ఖర్చును జీతంలోంచి తీసేసే వీలు లేదు. అంటే ఒకే 18 లక్షలు కంపెనీ పెడితే తక్కువ బరువు, మనం పెడితే పూర్తి బరువు. ఈ ముక్క ఇంటర్వ్యూ హాల్లో ఎవరూ చెప్పరు.

అపోహ: "లెటర్ ఇచ్చారు" అంటే ఉద్యోగం వచ్చినట్టే.

ఎయిర్‌లైన్ తన అవసరానికి పైలట్లను తయారు చేయించుకునే క్యాడెట్ ప్రోగ్రాముల్లో పైలటే డబ్బు కడతాడు, అందులో రేటింగ్ కూడా కలిసి ఉంటుంది. సొంతంగా రేటింగ్ చేసి ఉద్యోగం వెతుక్కోవడం కన్నా ఇది నయమే. ఏ విమానమో, ఏ కంపెనీయో తెలుసు కాబట్టి. అయితే చేతికిచ్చిన కాగితాన్ని ఒక లాయర్‌కు చూపించండి. కడప కోర్టు దగ్గర కూర్చునే మామూలు లాయర్ చాలు. చాలాసార్లు అది అపాయింట్‌మెంట్ లెటర్ కాదు, ఖాళీలుంటే పరిశీలిస్తామన్న కాగితం. కంపెనీ వెనక్కి తగ్గితే డబ్బు తిరిగిస్తుందా, ఎంత, ఎన్నాళ్ళలో అన్నది అందులో లేకపోతే అడిగి రాయించండి.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. సిమ్యులేటర్ పరీక్ష పాసయ్యాక కొత్త పైలట్ నిజమైన విమానంలో, ప్రయాణికులు లేకుండా, టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయాలి. దాన్ని బేస్ ట్రైనింగ్ అంటారు. సిమ్యులేటర్ సెంటర్ దగ్గర సిమ్యులేటర్ ఉంటుంది, ఏ320 ఉండదు. ఆ విమానం ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు, దాని ఇంధనం ఖర్చు ప్యాకేజీలో ఉందా లేదా? ఫీజు కట్టకముందే ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. సిమ్యులేటర్ అయిపోయి, బేస్ ట్రైనింగ్ దొరక్క, లైసెన్సులో రేటింగ్ ఎక్కక ఇంట్లో ఎదురుచూస్తున్న పిల్లలు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.