సాలీళ్లను, పురుగులను దగ్గరగా ఫొటో తీయడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన లెన్సు ఉంటేనే మాక్రో (చిన్న ప్రాణులను బాగా దగ్గరగా తీసే) ఫొటోలు వస్తాయి.
వాస్తవం: మామూలు 50 ఎంఎం లెన్సును రివర్స్ రింగుతో తిరగేసి బిగించినా సాలీడు కళ్లు స్పష్టంగా తీయొచ్చు. అసలు చూసుకోవాల్సింది వెలుగు. 1:1 సైజులో, అంటే ప్రాణి అసలు సైజులోనే సెన్సారు మీద పడేలా తీసేటప్పుడు, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11 పెడితే సెన్సారుకు చేరే వెలుగు దాదాపు ఇంకా చిన్న రంధ్రమైన ఎఫ్/22 అంతే. అందుకే పట్టపగలు కూడా ఫ్లాష్ వాడతాం. దాని ముందు పల్చటి తెల్ల ప్లాస్టిక్ షీటో, ట్రేసింగ్ పేపరో అడ్డం పెట్టండి. లేకపోతే పెంకుపురుగు వీపంతా తెల్లగా మెరిసిపోయి అసలు రంగే కనిపించదు.

అపోహ: అపర్చర్ ఎంత తగ్గిస్తే ఫొటో అంత షార్ప్.
వాస్తవం: కొంతవరకే. ఆ తర్వాత డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదిరిపోవడం) వల్ల ఫొటో మొత్తం మసకబారుతుంది. కళ్ల మీద ఫోకస్ కుదిరితే చాలు.

అపోహ: పురుగును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలదు.
వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. చలికి ముడుచుకున్న కాళ్లు ఫొటోలో తెలిసిపోతాయి, ఆ ప్రాణి కూడా దెబ్బతింటుంది. తెల్లవారుజామున వెళ్లండి. ఒళ్లు వేడెక్కేదాకా తూనీగలు ఎగరలేవు, రెక్కల మీద మంచు బిందువులతో అలాగే కూర్చుని ఉంటాయి. మీ నీడ, ఊపిరి తగలకుండా చూసుకోండి. గెంతే సాలీడైతే చాలాసార్లు తనే లెన్సు వైపు తిరిగి చూస్తుంది. ఆ రెండు పెద్ద కళ్లు మనల్ని గమనిస్తున్న క్షణం కోసం ఎంతసేపైనా మోకాళ్ల మీద కూర్చోవచ్చు.

అపోహ: సాలీడు కూడా ఒక కీటకమే.
వాస్తవం: కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. తొలకరికి కనిపించే ఆరుద్ర పురుగు కూడా సాలీడు వర్గానిదే. చీమను అనుకరించే సాలీళ్లున్నాయి, ముందు కాళ్లు పైకెత్తి మీసాల్లా ఆడిస్తాయి. కాబట్టి చీమ అనుకుని వదిలేసే ముందు కాళ్లు లెక్కపెట్టండి.

అపోహ: అరుదైనది దొరికితే కచ్చితమైన చోటు అందరికీ చెప్పాలి.
వాస్తవం: మన గుత్తి ఊరి పేరుతో పిలిచే నీలి టరాంటులా (ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు)నే చూడండి. 1899లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. ఆ అందమే దానికి ముప్పయింది. పెంచుకునేవాళ్లకు అమ్మడానికి పట్టుకుపోవడం, అడవి తరిగిపోవడం కలిసి అది అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో పడింది. ఇలాంటివి కనిపిస్తే ఫొటో పెట్టేముందు జీపీఎస్ వివరాలు తీసేయండి. జిల్లా పేరు రాస్తే చాలు.