రాతి మానులో అడవి ఆనవాళ్ళు

హైదరాబాదు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఖాజాగూడ గుట్టల్లో వెతికితే రాయిగా మారిన చెట్టు ఒక్కటైనా కనిపిస్తుందా అని మీరు అడిగారు. కనిపించదు. మన హైదరాబాదు గుట్టలు గ్రానైటు గుట్టలు. భూమి లోతుల్లో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. చెట్టు అనదగినది భూమి మీద పుట్టి 40 కోట్ల సంవత్సరాలు కూడా కాలేదు కనుక ఈ రాళ్ళలో దాన్ని వెతకడం వృథా. రాతి చెట్లు కావాలంటే ఇసుక, బురద, బూడిద పొరలు పొరలుగా పేరుకున్న నేలలకు వెళ్ళాలి. మనకు దగ్గరలో గోదావరి లోయ అటువంటిది. తమిళనాడులోని తిరువక్కరై, రాజస్థాన్‌లోని అకల్, మధ్యప్రదేశ్‌లోని ఘుఘువా ఈ చెట్లకే పేరుపొందిన చోట్లు.

మామూలుగా కూలిన మానును చెదలు, బూజు, సూక్ష్మజీవులు కలిసి కొన్నేళ్ళలో మట్టిపాలు చేస్తాయి. అదే మాను వరద ఇసుకలోనో అగ్నిపర్వతపు బూడిదలోనో, గాలి సోకనంత లోతున వెంటనే పూడిపోతే కుళ్ళడం బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు బూడిదలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) భూగర్భ జలంలో కొద్దికొద్దిగా కరిగి, కర్రలోని సన్నని గొట్టాల్లోకి, కణాల గోడల్లోకి చేరి, కణం రూపు చెడకముందే అక్కడ గట్టిపడుతుంది. ఆ నీటిలో ఇనుము ఉంటే ఎరుపు, పసుపు రంగులు, మాంగనీసు ఉంటే నలుపు వస్తాయి. దీనికంతటికీ కోట్ల ఏళ్ళు పట్టి ఉంటుందని పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు గానీ, కోట్ల ఏళ్ళన్నది ఆ రాయి వయసే తప్ప అది తయారు కావడానికి పట్టిన కాలం కాదు. జపాన్‌లో సిలికా నిండిన ఒక వేడినీటి ఊటలో కర్రముక్కలు ఉంచి చూస్తే, ఏడేళ్ళలోనే వాటి బరువులో 40 శాతం దాకా సిలికా చేరింది.

కణాలు చెక్కుచెదరకుండా నిలవడమే మన అదృష్టం. శాస్త్రవేత్తలు రాతి దుంగలో చిన్న ముక్కను కోసి, గాజు పలకకు అతికించి, 0.03 మిల్లీమీటరు మందం మిగిలేదాకా అరగదీస్తారు. అంత పలుచనైన రాయిలోంచి వెలుతురు దూరుతుంది; సూక్ష్మదర్శిని కింద కణాలు వరుసలు వరుసలుగా కనబడతాయి. ఒకే తీరు సన్నని గదులు బారులు తీరి ఉంటే అది పైన్, దేవదారు వంటి జాతి చెట్టు. మధ్యమధ్య పెద్ద రంధ్రాలుంటే చాలావరకు పూలు పూసే జాతి. ఏటేటా పడే పెరుగుదల వలయాలే లేకుండా చుక్కలు చుక్కలుగా ఉంటే తాటి కుటుంబం. పాత పెంకుటింటి తాటి దూలాన్ని కోసిన చోట మీరు ఇవే చుక్కలను చూడవచ్చు. ఘుఘువాలో దొరికిన సుమారు 6.5 కోట్ల ఏళ్ళ నాటి దుంగల్లో తాటి జాతులు చాలా ఉన్నాయి. దక్కన్ పీఠభూమిని పరిచిన లావా ఒకసారి పారి మరోసారి పారేలోపు అక్కడ వెచ్చని, తేమగల అడవి పెరిగిందని మనకు తెలిసింది వాటివల్లనే.

ఇక వలయాల మాట. ఏడాది పొడవునా ఒకే తీరుగా వెచ్చదనం, తేమ ఉన్నచోట చెట్టుకు వలయాలు సరిగా ఏర్పడవు. చలికాలమో ఎండకాలమో పెరుగుదలను ఆపితేనే గీత పడుతుంది. ఇప్పుడు మంచు తప్ప మరేమీ లేని అంటార్కిటికాలో సుమారు 26 కోట్ల ఏళ్ళ నాటి, ఇప్పుడు అంతరించిపోయిన గ్లోసోప్టెరిస్ అనే చెట్ల రాతి మొద్దులు దొరికాయి. వాటి వలయాలు వెడల్పుగా ఉండి ఒక్కసారిగా ఆగిపోతాయి. ధ్రువం దగ్గరి ఎడతెగని వేసవి వెలుతురులో ఏపుగా పెరిగి, నెలల తరబడి చీకటి ముంచుకురాగానే పెరుగుదల ఆపేసిన చెట్లవి. మన సింగరేణి బొగ్గు పొరలు కూడా చాలావరకు ఆ జాతి చెట్ల నుంచి వచ్చినవే. అక్కడ రాయైన చెట్టు ఇక్కడ బొగ్గయింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ ప్రాణాలు కోల్పోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్ళలో గ్లోసోప్టెరిస్ శిలాజాలున్నాయి. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో 29 కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పూడ్చేసిన చెట్ల వలయాలు దాదాపు 10.6 ఏళ్ళకొకసారి సన్నబడుతున్నాయని లెక్కగట్టి, సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్ళకొకసారి పెరిగి తగ్గే ఆవృత్తి అప్పుడూ ఇంచుమించు ఇప్పటిలాగే ఉండేదని 2017లో ఇద్దరు పరిశోధకులు రాశారు. ఒక్క చోటి చెట్లను చూసి సూర్యుడి గురించి అంతమాట అనవచ్చునా అని నాకు కొంత సంకోచమే.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది ఆ చెట్టు నిలబడి ఉందా, పడి ఉందా అన్నది. తిరువక్కరై దుంగలకు వేళ్ళు, కొమ్మలు, బెరడు లేవు. అవి ఏటిలో కొట్టుకొచ్చినవి. కాబట్టి అవి ఉన్నచోటే అడవి ఉండేదని చెప్పరాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు కైరో దగ్గర ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ మానులు మిగలలేదు గానీ సుమారు 38.5 కోట్ల ఏళ్ళ నాటి వేళ్ళ జాడలు నేలలో పరుచుకుని ఉన్నచోటే ఉన్నాయి. ఏ చెట్టుకు ఏ చెట్టు ఎంత దూరంలో ఉండేదో టేపు పెట్టి కొలవవచ్చు. అరిజోనాలోని రాతి అడవి నుంచి ముక్కలు ఎత్తుకుపోయి, తరువాత మనసు ఊరుకోక తపాలాలో తిప్పి పంపేవారు చాలామంది ఉన్నారు. అక్కడివారు వాటిని మళ్ళీ అడవిలో పెట్టరు. ఏ ముక్క ఏ చోటిదో తెలియదు కనుక విడిగా ఒక కుప్పగా పోస్తారు.

మన గోదావరి లోయలోని పోచంపల్లి దగ్గర (పట్టుచీరల పోచంపల్లి కాదు, సిరొంచ వైపు ఉన్నది) 1960, 1961 ప్రాంతాల్లో బరపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు సుమారు 300 బయటపడ్డాయి. వాటితో కలగలిసి రాయిగా మారిన పెద్ద పెద్ద దుంగలున్నాయి. జంతువులూ దుంగలూ వరదలో కలిసి కొట్టుకొచ్చి ఉంటాయి గనుక అడవి ఎగువన ఎక్కడో ఉండి ఉండాలి. కోట పొరలు అని పిలిచే అవే రాతిపొరల్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే మరో రాక్షసబల్లి అస్థిపంజరం మన బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ ఆదివారం వెళ్ళినప్పుడు దాని తోక పొడవు చూసి వచ్చేయకుండా, అది ఏ చెట్ల ఆకులు మేసేదో, ఆ చెట్ల కర్ర ఎక్కడైనా దొరికిందో అక్కడివారిని అడిగి నాకు రాయండి.

ఇట్లు
మీ తాతయ్య