పిత్తం ఆగితే నెత్తురు ఆగదు

కాలేయం నుంచి పేగులోకి పిత్తాన్ని తీసుకెళ్లే పిత్తనాళానికి క్యాన్సర్ అని తేలిన మనిషిని ఆస్పత్రిలో చేర్చిన రోజు ఇంట్లోవాళ్లకు ఒక సంగతి అంతుపట్టదు. ఒళ్లంతా పచ్చబడింది, దురదతో నిద్ర లేదు, స్కాన్‌లో గడ్డ కనిపిస్తోంది. డాక్టరు మాత్రం ముందుగా "ఐఎన్ఆర్ ఎంతుంది?" అని అడుగుతారు. నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష అది. సాయంత్రానికి నర్సు వచ్చి విటమిన్ కె సూది వేసి వెళుతుంది. పిత్తం బయటికి రావడానికి పైపు వేయడమా, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టడమా అన్నది ఆ తర్వాతి మాట. క్యాన్సర్‌కు విటమిన్ సూది ఏమిటని అనుమానం రావడం సహజమే. ఆ సూది వెనక సర్జన్ల పాత భయం ఒకటి ఉంది, కొన్ని కోడిపిల్లలూ ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కామెర్ల రోగి కడుపు కోయాలంటే సర్జన్లకు చెయ్యి ఆడేది కాదు. ఆపరేషన్ బాగానే జరిగేది, కుట్లూ బాగానే పడేవి. తర్వాత కోసినచోటల్లా నెత్తురు ఊరడం మొదలయ్యేది. ఒక నరం తెగితే కట్టేయొచ్చు, అన్నివైపుల నుంచీ ఊరుతుంటే దేన్ని కడతారు? కాల్షియం తగ్గిందేమోనని కాల్షియం క్లోరైడ్ ఎక్కించి చూశారు. తగ్గింది కాల్షియం కాదు కాబట్టి సమస్య అలాగే ఉండిపోయింది. అందుకే 1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్, పిత్తనాళం పేగులో కలిసేచోట వచ్చిన క్యాన్సర్‌ను రెండు విడతల్లో తీశాడు. మొదటి విడతలో పిత్తానికి పేగులోకి వేరే దారి కల్పించి, పచ్చదనం తగ్గేదాకా ఆగి, రెండో విడతలో గడ్డను కోశాడు. 1935లో న్యూయార్క్‌లో ఆలెన్ విపుల్ ప్రచురించిన ఆపరేషన్ కూడా రెండు విడతలదే. పచ్చదనం తగ్గితే నెత్తురు ఎందుకు ఆగుతుందో ఇద్దరికీ తెలియదు, ఆగుతుందని మాత్రం తెలుసు.

ఎందుకో చెప్పినవాడు సర్జన్ కాదు. కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ డామ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త కొలెస్టరాల్ గురించి తెలుసుకోవాలని కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన మేత పెడుతున్నాడు. ఆ పిల్లలకు చర్మం కింద, కండరాల్లో నెత్తురు గూడుకట్టసాగింది. అప్పటికి తెలిసిన విటమిన్లేవీ దాన్ని ఆపలేకపోయాయి. కొవ్వులో కరిగే కొత్త పదార్థం ఏదో ఉండాలని తేల్చి, 1935లో దానికి కె అని పేరు పెట్టాడు. గడ్డకట్టడానికి అక్కడివాళ్లు వాడే 'కోయాగులేషన్' అన్న మాట వాళ్ల లిపిలో ఆ అక్షరంతోనే మొదలవుతుంది. అదే ఏడాది అమెరికాలో ఆర్మండ్ క్విక్, నెత్తురు గడ్డకట్టే సమయాన్ని కొలిచే ప్రోత్రాంబిన్ పరీక్షను కామెర్ల రోగుల మీద చేసి, లోపం ఎక్కడుందో చూపించాడు. నేటి ఐఎన్ఆర్‌కు తల్లి ఆ పరీక్షే.

రెండూ కలిపి చూస్తే చిక్కు విడిపోయింది. జిడ్డు గిన్నెకు సబ్బు ఎలాంటిదో, తిన్న కొవ్వుకు పిత్తం అలాంటిది. అది పేగులోకి దిగకపోతే కొవ్వు ఒంటికి పట్టదు, కొవ్వుతో పాటు రావాల్సిన విటమిన్ కె కూడా పట్టదు. అది లేకపోతే కాలేయం తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ల గడ్డకట్టే ప్రోటీన్లు పనికిరానివిగా బయటికొస్తాయి. కాలేయం చెడిపోయిందని కాదు, దానికి సరుకు అందలేదంతే. 1938లో మేయో క్లినిక్ వైద్యులు కామెర్ల రోగులకు విటమిన్ కెతో పాటు పిత్తాన్నీ కలిపి ఇచ్చి రక్తస్రావాన్ని ఆపారు. 1940లో విపుల్ అదే ఆపరేషన్‌ను ఒకే విడతలో చేయగలిగాడు. డామ్‌కు, ఆ విటమిన్ నిర్మాణాన్ని తేల్చిన ఎడ్వర్డ్ డోయిసీకి 1943 నోబెల్ బహుమతి దక్కింది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్లలో కామెర్లనగానే పసరు, పథ్యం గుర్తొస్తాయి. నూనె, నెయ్యి ముట్టనివ్వరు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. నాళం మూసుకుపోయి వచ్చినవి అలా తగ్గవు. విరేచనం తెల్లమట్టి రంగులో వస్తున్నా, ఒళ్లంతా దురద పెడుతున్నా పసరు మీదే వారాలు గడిచిపోతాయి. ఒంట్లో విటమిన్ కె నిల్వ ఉండేదే కొద్దిగా. పిత్తం లేక కొంత, పథ్యం వల్ల కొంత తరుగుతుంది. తర్వాత నాళంలో చీము పట్టి జ్వరం వస్తే వాడే యాంటీబయాటిక్స్ పేగులో విటమిన్ కె తయారుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. వాటిలో సెఫోపెరజోన్ లాంటివి ఆ విటమిన్ పనికే అడ్డం పడతాయి. డామ్ కోడిపిల్లలకు చేసిన ప్రయోగాన్ని మనం తెలియకుండా మనిషి మీద చేస్తున్నామన్నమాట. అప్పుడు మాత్ర మింగించి లాభం లేదు, సూదే వేయాలి. అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. అంత వ్యవధి లేకపోతే గడ్డకట్టే ప్రోటీన్లు ఉండే ప్లాస్మా ఎక్కిస్తారు.

ఇదంతా గడ్డకట్టని నెత్తురు కథ. నాళంలోకే నెత్తురు కారడం ఇంకో కథ, దానిది ఇంకా పాత చరిత్ర. 1654లో ఇంగ్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్, కాలేయానికి దెబ్బ తగిలితే ఆ నెత్తురు పిత్తనాళం గుండా పేగులోకి రాగలదని రాశాడు. కాలేయంలో ధమని, పేగుల నుంచి నెత్తురు తెచ్చే పోర్టల్ సిర, పిత్తనాళం మూడూ ఒకే తొడుగులో పక్కపక్కనే సాగుతాయి. ఆ తొడుగుకు నేటికీ గ్లిసన్ పేరే ఉంది. ఇరుగుపొరుగుగా ఉన్నందువల్లే ఒకదానికి వచ్చిన ఆపద రెండోదానికి చుట్టుకుంటుంది. 1871లో క్వింకె అనే జర్మన్ వైద్యుడు దీనికి మూడు గుర్తులు చెప్పాడు: కడుపు కుడివైపు పైన నొప్పి, కామెర్లు, జీర్ణమార్గంలో రక్తస్రావం. స్వీడన్ సర్జన్ ఫిలిప్ శాండ్‌బ్లోమ్ 1948లో 'హీమోబిలియా' అని పేరు పెట్టాడు. క్వింకె గుర్తులు మన రోగి విషయంలో అంతగా పనికిరావని నా అభిప్రాయం. కామెర్లు, నొప్పి అతనికి ముందు నుంచీ ఉన్నవే. తగ్గుతున్న పచ్చదనం మళ్లీ పెరిగిందా, విరేచనం తారులా నల్లగా వస్తోందా అన్నది చూసుకోవాలి. నాళంలో గడ్డకట్టిన నెత్తురే బిరడాలా దారి మూసేస్తుంది.

1965లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 13 మంది రోగుల గురించి రాశాడు. కుడి ఎడమ నాళాలు కలిసేచోట, అంటే రక్తనాళాలు ఆనుకునే ఉండే ఇరుకులో వచ్చిన క్యాన్సర్లవి. అక్కడ గడ్డ చిన్నదైనా కోయడం కష్టం. ఆ తర్వాతి పదిహేనేళ్లలో కడుపు కోయకుండానే పిత్తానికి దారి చేసే పద్ధతులు వచ్చాయి. చర్మం నుంచి కాలేయంలోకి సూది గుచ్చి పైపు వేయడం, 1974లో జర్మనీలోనూ జపాన్‌లోనూ నోటి గుండా గొట్టం పంపే ఎండోస్కోపీతో నాళం మూతి కోయడం, 1979లో హాంబర్గ్‌లో నిబ్ సోహేంద్ర ప్లాస్టిక్ స్టెంట్ పెట్టడం. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఈ ఎండోస్కోపీ పనికే పేరుపడింది.

చికిత్సతో పాటే కొత్త రక్తస్రావాలూ వచ్చాయి. నేడు కనిపించే హీమోబిలియాలో ఎక్కువ భాగం గడ్డ వల్ల కాదు, మనం పెట్టిన సూదుల వల్ల, పైపుల వల్ల వచ్చేదే. సూది దారిలో పక్క ధమనికి గాటు పడితే గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అది పగిలేది ఆ రోజే కాకపోవచ్చు. ఇంటికి వెళ్లి రోజులు గడిచాక పైపుకు తగిలించిన బ్యాగులో ఎర్రగా కనబడొచ్చు. ఒకప్పుడు కడుపు కోసి ధమనిని కట్టేవారు. 1976 నాటికి తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి, కారుతున్నచోటే మూసేసే ఎంబోలైజేషన్ వచ్చింది. కాలేయానికి ముప్పావువంతు నెత్తురు పోర్టల్ సిర నుంచే అందుతుంది కాబట్టి ధమనిలో ఒక కొమ్మను మూసినా అది తట్టుకుంటుంది. క్యాన్సర్ ఆ సిరను ముందే నొక్కేసి ఉంటే లెక్క తారుమారవుతుంది. అందుకే మూసేముందు రక్తనాళాలను చూపే సిటీ యాంజియో స్కాన్‌లో సిర తెరిచి ఉందో లేదో చూస్తారు. నాళంలోపలే కారుతుంటే పూత ఉన్న మెటల్ స్టెంట్‌తో లోపలి నుంచి అదిమిపెట్టడం ఇంకో మార్గం.

నెత్తురు ఆపడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఎక్కించమని బంధువులు అడుగుతుంటారు. జీర్ణమార్గ రక్తస్రావంతో వచ్చిన 12 వేల మంది మీద జరిపిన హాల్ట్-ఐటీ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. అందులో ఆ మందు ప్రాణాలు కాపాడలేదు, పైగా సిరల్లో నెత్తురు గడ్డలను పెంచింది. క్యాన్సర్ రోగి నెత్తురు తేలిగ్గా గడ్డకడుతుందని 1865లోనే ఫ్రాన్స్‌లో ట్రూసో గమనించాడు. ఆ గడ్డలు పెరగకుండా నెత్తురు పలచబరిచే మందులిస్తే మళ్లీ కారొచ్చు. 2018లో వచ్చిన హొకుసాయ్ పరీక్షలో ఎడోక్సాబాన్ మాత్ర వాడిన క్యాన్సర్ రోగుల్లో 6.9 శాతం మందికి, డాల్టెపారిన్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 4 శాతం మందికి పెద్ద రక్తస్రావం జరిగింది. ఆ తేడా ముఖ్యంగా జీర్ణకోశ క్యాన్సర్లున్నవారిలోనే కనిపించింది. అందుకే ఇలాంటి రోగులకు చాలామంది డాక్టర్లు మాత్ర కన్నా ఇంజెక్షన్‌కే మొగ్గుతారు. స్టెంట్ వేయించుకోవడానికి సోమవారం విటమిన్ కె సూది వేయించుకున్న మనిషికే, పోర్టల్ సిరలో నెత్తురు గడ్డ కనబడితే శుక్రవారం నెత్తురు పలచబరిచే ఇంజెక్షన్ మొదలుపెట్టాల్సి వస్తుంది. రెండూ అవసరమే. పక్కన కూర్చున్న భార్యకో కొడుకుకో మాత్రం ఇదేం వైద్యమో అర్థంకాక టెన్షన్.